అత్త గింజలకు వచ్చిన చెడ్డపేరు

నోర్షోపింగ్
సెప్టెంబర్ 23, 1917

బోతిల్దా అత్తకు,

బాగున్నావా అని అడగను. మంచం పట్టినా బాగున్నాననే రాస్తావు. నా సంగతి చెప్తాను. నేను బాగోలేను, కోపంగా ఉన్నాను.

ఇక్కడ బంగాళాదుంపలు సగం కుళ్ళినవే వస్తున్నాయి. రొట్టెకి రేషన్ చీటీలు. మా నూలుమిల్లులో ఆడవాళ్ళు మధ్యాహ్నం గంట కొట్టగానే ఎండురొట్టె ముక్కని చికోరీ నీళ్ళలో ముంచుకుని తిని, మళ్ళీ మగ్గాల దగ్గరికి పరిగెడతారు. మొన్న ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోతే ఫోర్‌మన్ ఏమన్నాడో తెలుసా? "ఒంట్లో బలం ఉండేలా తినాలమ్మా" అన్నాడు. ఏం తినాలో చెప్పలేదు.

నేను నూలుబుట్ట బోర్లించి దానిమీద ఎక్కాను. అచ్చుపని చేసే ఎవర్ట్ ఇచ్చిన చిన్న పుస్తకం చేతిలో ఉంది. మాంసంలో ఉన్న బలమంతా చిక్కుడుగింజల్లో ఉందని అందులో ఒక డాక్టరు రాశాడు. రక్తం పట్టడానికి, కండ పట్టడానికి గింజలు చాలు. మాంసం లేకపోతే మనిషి బతకడన్నది డబ్బున్నవాళ్ళు మన కళ్ళకి కట్టిన గంతలు! తలా కాస్త వేసుకుని మనమే ఒక వంటిల్లు పెట్టుకుందాం, రోజూ మధ్యాహ్నం వేడివేడిగా గింజలు తిందాం అన్నాను.

నా పక్క మగ్గం ఎడ్లా రోస్ ఊరుకుంటుందా? "ఏమే పుస్తకాల పిల్లా, రోజూ గింజలు తింటే మగ్గాల చప్పుడు ఇంకెవరికీ వినపడదు, మన చప్పుడే వినపడుతుంది" అంది. అందరూ ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండింది. కానీ నవ్విన తర్వాత ఒప్పుకున్నారు. ముందు ఒక నెల చూస్తారట, ఆ తర్వాత ఉంచాలా మానాలా అని చేతులెత్తి తేల్చుకుంటారట. అత్తా, ఇది పోతే ఈ మిల్లులో నా మాట ఇంకెవరూ వినరు.

కట్టెల ధర మండిపోతోంది. అందుకని నీ గడ్డిపెట్టె గుర్తొచ్చింది. పెట్టెనిండా ఎండుగడ్డి కూరి, మధ్యలో వేడి కుండ దింపి, మూత వేస్తే పొయ్యి లేకుండా అదే ఉడుకుతుంది. ఎవర్ట్ నాకోసం రెండు పెద్ద పెట్టెలు చేస్తున్నాడు. నువ్వు ఒక సంచి గింజలు పంపు. డబ్బు మా వంటింటి ఖాతా నుంచి వస్తుంది, ఉచితంగా వద్దు. ఎవర్ట్ కూడా అదే అన్నాడు.

పోరాటంలో ఉన్న నీ మేనకోడలు
తోరా

స్టేన్‌బి, ఓలాండ్ దీవి
అక్టోబర్ 4

తోరా తల్లికి,

సంచి మంగళవారం పడవకి ఎక్కించాను. కల్మార్‌లో రైలు ఎక్కుతుంది. ఈ ఏటి పంటలో మొదట నూర్చిన గింజలే పంపాను. మూతి గట్టిగా కుట్టాను, విప్పేటప్పుడు కత్తి వాడు, పళ్ళు వాడకు. నీ సంగతి నాకు తెలుసు.

ఈసారి పంట మమ్మల్ని ఏడిపించింది. మొక్కలు పీకి గుంజలమీద ఆరేశామో లేదో వాన పట్టుకుంది. మా పనివాడు యోన్స్, నేనూ కలిసి అన్నీ దించి, కొట్టంలో పరిచి, మళ్ళీ గాలికి ఎక్కించాం. చూపుకైతే బాగానే ఉన్నాయి. గోధుమరంగు తేలి, గోరుతో నొక్కితే గట్టిగా ఉన్నాయి. ఇంకో నెలలో వ్యాపారి సెలాండర్ వచ్చి మొత్తం తీసుకుంటానన్నాడు. రొట్టెలకి వేసిన రై పంట ఎటూ చేతికి రాలేదు కాబట్టి ఈ ఏడు మాకున్నది ఈ గింజలే.

నీ డాక్టరు చెప్పింది అబద్ధమని నేననను. గింజలు మంచివే, వాటితోనే పెరిగాం. కానీ మంచివి కదా అని పొద్దున్నా గింజలే, మధ్యాహ్నం గింజలే తింటే మనిషి పావురం అవుతాడు. వారానికి రెండుమూడు సార్లు పెట్టు. పక్కన ఉప్పుచేప, క్యాబేజీ, రొట్టె, దొరికితే కాస్త పాలు ఉండాలి. మీ అమ్మకి పాలు పడని రోజుల్లో నేను నీకు పెట్టింది ఒక్క గింజలే అయితే నువ్విప్పుడు బుట్టలెక్కి అరిచేదానివి కాదు.

గడ్డిపెట్టె సంగతి నీకు నేను చెప్పేదేముంది? ఆదివారం మేం చర్చినుంచి వచ్చేదాకా వెచ్చగా ఉంటుందని దానిమీదే కూర్చునేదానివి.

ఆ ఎవర్ట్ ఎవరు? ఒక్క ఉత్తరంలో ఇన్నిసార్లు వచ్చాడు.

కుంటి కోడి మళ్ళీ గుడ్డు పెడుతోంది.

నీ అత్త
బోతిల్దా

నోర్షోపింగ్
అక్టోబర్ 14

అత్తా,

ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇక్కడ నన్నిప్పుడు 'విషం తోరా' అంటున్నారు.

శుక్రవారం మొదటి వంట. గురువారం సాయంత్రమే పెట్టెల్లో పెట్టాను. మధ్యాహ్నం మూత తీస్తే ఎంత కమ్మటి వాసన! బల్లలు చాలక జనం గోడల పక్కన నిలబడి తిన్నారు. గింజ కాస్త పంటికింద గట్టిగా తగిలింది. "నమిలి తినండి, నమిలితేనే బలం" అన్నాను. ఎడ్లా రోస్ కూడా "బాగానే చేశావే" అని రెండోసారి పెట్టించుకుంది. నీ ఉప్పుచేప, క్యాబేజీ పెట్టలేదు. గింజలు చాలని నిరూపించడానికే కదా ఇదంతా!

తిని రెండు గంటలు కాకముందే మొదలైంది. ముందు ఇద్దరు, తర్వాత ఒక వరస వరసంతా కడుపు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తారు. వాంతులు, విరేచనాలు. నేనూ గోడ పట్టుకుని కక్కాను. ఎడ్లా మగ్గం దగ్గరే కుప్పకూలింది. నలుగురు కలిసి ఇంటికి మోసుకెళ్ళారు. ఇప్పుడు గండం తప్పింది, కానీ ఇంకా లేచి కూర్చోలేకపోతోంది. పనికి రాని రోజులకి మిల్లు కూలీ ఇవ్వదు. ఫోర్‌మన్ తలుపు దగ్గర నిలబడి నవ్వాడు అత్తా. ఇంకేమీ అనలేదు. నవ్వాడు.

పుస్తకంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాను. కుండలు నేనే తోమాను. నీళ్ళు ఎప్పుడూ తాగే నీళ్ళే. ఇక మిగిలింది ఏమిటి? గింజలు! వానలో తడిశాయని నువ్వే రాశావు. తడిసి పాడైన గింజలు ఆకలితో ఉన్న ఆడవాళ్ళకి పంపి, మంచివి సెలాండర్ కోసం అటకమీద దాచావా? కూలివాళ్ళు కదా, ఏదైనా తింటారనుకున్నావా? పల్లెలో భూమి ఉన్నవాళ్ళందరూ ఇంతేనని ఎవర్ట్ అంటే వాడితో పోట్లాడాను, మా అత్త అలాంటిది కాదని. ఇప్పుడు వాడి ముఖం ఎలా చూడాలి?

వచ్చే ఆదివారం చేతులెత్తిస్తారట. నెల దాకా కూడా ఆగరట.

తోరా

స్టేన్‌బి
అక్టోబర్ 19

తోరాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

దాచిపెట్టి పంపింది ఏమీ లేదు. నీకు పంపిన గింజలూ, సెలాండర్‌కని ఉంచినవీ ఒకే కుప్పలోవి. అందుకే నాకు ఇంకా భయం వేసింది. ఆ రోజే ఆ కుప్పలోంచి దోసెడు తీసి నానబెట్టాను. మర్నాడు ఎప్పటిలాగే పెద్దపొయ్యి మీద గంటసేపు కుతకుతా మరిగించి, అప్పుడు గడ్డిపెట్టెలో దింపాను. సాయంత్రం రెండు పళ్ళాలు తిన్నాను. యోన్స్ తింటానంటే తిననివ్వలేదు. కూర్చుని కడుపులో నొప్పి కోసం ఎదురుచూశాను. రాలేదు. కుప్పంతా చెడలేదన్నమాట, ఎక్కడో ఒక పక్క చెడింది. ఏ పక్కో నాకెలా తెలుస్తుంది? గింజకి నోరు లేదు.

మనుషులు తినేది తోరా. సెలాండర్ దగ్గరికి నడిచి వెళ్ళి ఈ ఏడు నా గింజలు కొనొద్దని చెప్పేశాను. మర్నాడు చర్చి దగ్గర అందరికీ చెప్పాను. పక్కపొలం గుంబోర్గ్ నామీద విరుచుకుపడింది. "నీ చేను తడిసిన వానే మా చేనూ తడిపింది. నువ్విలా వీధిలో చాటితే మా గింజలు మాత్రం ఎవడు కొంటాడు? నోరు మూసుకోలేకపోయావా?" అంది. ఆవిడ కోపం న్యాయమే. ఆ మాట అన్నప్పటినుంచి మా పాలడబ్బా ఆవిడ బండిలో ఎక్కించుకోవడం లేదు.

వచ్చే గురువారం గింజలన్నీ చేలో పోసి దున్నేస్తాం. నేలకైనా బలం.

ఆ ఎడ్లాకి ఉన్ని మేజోళ్ళు ఒక జత పంపుతున్నాను. కూలీ పోయిన మనిషికి మేజోళ్ళు ఏ మూలకని తిట్టుకోకు. ఇంట్లో ఉన్నవి అవే. నన్ను క్షమించమని చెప్పు.

కూలివాళ్ళు ఏదైనా తింటారని నేనెప్పుడూ అనుకోలేదు.

బోతిల్దా

తంతి
నోర్షోపింగ్, అక్టోబర్ 22

గింజలు దున్నకు. చెడినవి కావు. మరిగించనిది నేనే. ఉత్తరం వస్తోంది. తోరా.

నోర్షోపింగ్
అక్టోబర్ 22

అత్తా, నా అత్తా,

తంతి అందేసరికి యోన్స్ ఎడ్లు కట్టి ఉండకూడదని దేవుణ్ణి కూడా వేడుకున్నాను. నేను వేడుకున్నానంటే ఎంత దిగజారానో చూసుకో.

నీ ఉత్తరం మగ్గం దగ్గరే చదివాను. 'ఎప్పటిలాగే గంటసేపు కుతకుతా మరిగించి' దగ్గర ఆగిపోయాను. దారం తెగి రీలు ఖాళీగా తిరుగుతున్నా నాకు వినపడలేదు. ఎప్పటిలాగేనా? నేనెప్పుడు చూశాను? ఆదివారాలు నేను నిద్ర లేచేసరికి నువ్వు పెట్టె మూసేసి తల దువ్వుకుంటూ ఉండేదానివి. నేను చూసింది మూత మాత్రమే. గింజల్ని ఉడికించేది గడ్డే అనుకున్నాను. మరగని గింజ కడుపులో విషమవుతుందని నాకేం తెలుసు?

పుస్తకం తీసి మళ్ళీ చూశాను. "నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడెక్కగానే దించవలెను. మరిగినచో సారమంతయు ఆవిరితో పోవును" అని ఉంది. అచ్చంగా అలాగే చేశాను. కట్టెలు మిగిలాయని పొంగిపోయాను కూడా! ఆ మాట రాసినవాడు జన్మలో ఒక్కసారి గింజలు వండాడా? నిన్న నీ సంచిలో మిగిలినవి గంటసేపు మరిగించి, పెట్టెలో పెట్టి, పళ్ళెం నిండా నేనొక్కదాన్నే తిన్నాను. ఏమీ కాలేదు. ఆకలి తీరింది, అంతే.

ఆదివారం సభలో వాళ్ళు చేతులెత్తకముందే లేచి మొత్తం చెప్పాను. గింజలు మంచివి, తప్పు నాది, మళ్ళీ ఒక్క అవకాశం ఇవ్వండి అన్నాను. ఎవరూ తిట్టలేదు. చేతులెత్తి వంటిల్లు మూసేశారు. తిడితే బాగుండేది.

తర్వాత ఎడ్లా ఇంటికి వెళ్ళి మేజోళ్ళు ఇచ్చాను. మంచంమీద కూర్చునే ఉంది. "తప్పు నీదైతే ఆ ముసలావిడ మేజోళ్ళు ఎందుకు పంపింది?" అని అడిగింది. తప్పు తనదేననుకుని పంపిందన్నాను. నువ్వు సెలాండర్‌తో ఏం చెప్పావో, చర్చి దగ్గర ఏం చెప్పావో అన్నీ చెప్పాను. అంతా విని ఎడ్లా మేజోళ్ళు తొడుక్కుని వేళ్ళు కదిపి చూసుకుంది.

ఇప్పుడు నీమీద కోపం చెప్తాను. అంత నీచమైన ఉత్తరం రాస్తే ఎందుకు నమ్మావు? "నోరు ముయ్యవే, గింజలు ఎలా వండావో ముందు చెప్పు" అని ఒక్క ముక్క రాసి ఉండకూడదా? నేనెవర్ని, నా మాట పట్టుకుని ఏడాది పంట మట్టిలో కలపడానికి? నాకు తెలిసింది ఒక పుస్తకంలో సగం అత్తా!

వెంటనే జవాబు రాయి. తిట్టయినా సరే.

తోరా

స్టేన్‌బి
అక్టోబర్ 26

తోరాకు,

తంతి సమయానికే వచ్చింది. నాకంటే ముందు ఊరికి అందింది. తపాలా అతను దారిలో కనబడ్డవాళ్ళందరికీ చదివి వినిపించి, చివర్లో నాకిచ్చాడు. ఎడ్లు కొట్టంలోనే ఉన్నాయి. సంచులు అటకమీద ఉన్నాయి.

కానీ ఉన్నచోటే ఉంటాయి. తంతి తీసుకుని సెలాండర్ దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని మర్యాదగానే చదివాడు. "అమ్మా, మీరు అబద్ధమాడతారని కాదు. పిల్ల అత్తని కాపాడుకోవడానికి నేరం తన నెత్తిన వేసుకుంది. నేనైనా అలాగే అనుకుంటాను, రేపు నా గిరాకీవాళ్ళూ అలాగే అనుకుంటారు" అన్నాడు. గుంబోర్గ్ కూడా "మేనకోడలు కాక ఇంకెవరు పంపుతారు తంతి?" అందట. ఎలుకలు మాత్రం వచ్చి హాయిగా తింటున్నాయి. ఊళ్ళో నా గింజల మీద నమ్మకం వాటికొక్కటే మిగిలింది.

ఎందుకు నమ్మావని అడిగావు. నీకు కోపం ఎక్కువ, తొందర ఎక్కువ, కానీ అబద్ధం నీ నోట వినలేదు. విషమని నువ్వు రాస్తే విషమే అనుకున్నాను.

మరిగించాలని నేను రాయకపోవడం గురించి కూడా ఆలోచించాను. రాయాలని తట్టనే లేదు. నీళ్ళు తోడి కుండలో పొయ్యాలని కూడా రాయలేదు కదా! మా అమ్మ నాకు చెప్పలేదు, నేను చూశాను. నువ్వూ చూశావనుకున్నాను. నువ్వు నిద్రపోతున్నావని గుర్తు లేదు.

పాల పని ఉంది. ఉంటాను.

బోతిల్దా

నోర్షోపింగ్
అక్టోబర్ 30

అత్తా,

నీ ఉత్తరం ఎడ్లాకి చదివి వినిపించాను. నీ సెలాండర్‌ని అక్కడే నాలుగు తిట్లు తిట్టాను. దళారులు, లాభాలు, అన్నీ ఎత్తుకున్నాను. ఎడ్లా అంతా విని, "అయిపోయిందా నీ ఉపన్యాసం? ఆ మనిషి అన్నదాంట్లో తప్పేముంది? నీ మాటకి విలువ లేదు, నువ్వు ఆవిడ రక్తం. నా మాటకి ఉంటుంది. నేను ఆవిడకి ఏమీ కాను, పైగా ఆ గింజలు తిని చావు దాకా వెళ్ళొచ్చినదాన్ని" అంది.

"అయితే నువ్వు ఉత్తరం రాస్తావా?" అన్నాను.

"ఉత్తరం ఎవడు నమ్ముతాడే? నోటితో తిని చూపిస్తాను. పద."

దూది ఓడలు రాక సోమవారం నుంచి మిల్లు వారంపాటు మూస్తున్నారు. మేమిద్దరం శనివారం సాయంత్రం పడవలో దిగుతాం. ఎడ్లా సముద్రం ఎప్పుడూ దాటలేదు. "మునిగితే ఆ తప్పు గింజల మీద వెయ్యకండి" అని ఇప్పటినుంచే అంటోంది. డొక్క ఇంకా లోపలికే ఉంది అత్తా, మళ్ళీ గింజలు తినాలంటే లోపల భయం లేకుండా ఉంటుందా? నేనడిగితే "ఉంది, అయితే?" అంది.

ఆదివారం చర్చి వదిలేవేళకి కుండ సిద్ధంగా ఉంచు. నువ్వే వండు. నేను పక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూస్తాను.

నీ
తోరా

స్టేన్‌బి
నవంబర్ 10

తోరా తల్లికి,

మీ పడవ వెళ్ళిన తర్వాత ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. యోన్స్ కూడా అదే అన్నాడు. వాడు నెలకొక మాట మాట్లాడతాడు, ఈ నెల మాట అదే.

ఆదివారం నువ్వు చర్చి మెట్లమీద సెలాండర్‌ని పట్టుకుని దళారుల గురించి దులిపేస్తుంటే వెనక ఏం జరిగిందో నీకు కనపడలేదు. అది చెప్పాలి. జనం బండ్ల దగ్గర చేరి దూరంనుంచి చూస్తున్నారు, ఎవరూ దగ్గరికి రావడం లేదు. ఎడ్లా పళ్ళెం తీసుకుని రాతిగోడ మీద కూర్చుంది. మొదటి చెంచా నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. నాకు "వద్దులే తల్లీ" అనాలనిపించింది. గుంబోర్గ్ కూడా ఆ చెంచా వైపే చూస్తోంది. అప్పుడు ఎడ్లా కళ్ళు మూసుకుని తినేసింది. ఉప్పుచేప ముక్క కొరికి, రొట్టెతో పళ్ళెం తుడిచి, ఇంకోసారి పెట్టమంది.

అప్పటికి నువ్వు సెలాండర్‌ని వదిలిపెట్టావు. ఆయన ఇటు వస్తే, "అయ్యా, మగ్గం దగ్గర పడిపోయినదాన్ని నేనే. ఇవాళ మళ్ళీ పడిపోతే మొయ్యడానికి మనిషి కావాలి, కాస్త దగ్గర్లో ఉండండి" అంది. పాపం, ఆయన నిజంగానే ఉన్నాడు! పాస్టరుగారి ఇంట్లో కాఫీ చల్లారిపోయింది. సగం ఊరు చలిలో నిలబడి ఒక ఆడమనిషి కడుపు వైపు చూస్తూ ఉండిపోయింది. మిల్లులో తిన్న రెండు గంటల్లోపే మొదలైందని నువ్వు అరిచి చెప్పావు కదా, ఆ రెండు గంటలూ దాటేదాకా ఎవరూ కదల్లేదు. ఎడ్లాకి ఏమీ కాలేదు. చివరికి గుంబోర్గ్ తనే వచ్చి కుండలో మిగిలింది గీకి తింది. నాతో ఇంకా మాట్లాడలేదు. కానీ నిన్న పాలడబ్బా తీసుకెళ్ళింది.

సెలాండర్ బుధవారం బండి తెచ్చాడు. అనుకున్న ధర ఇవ్వలేదు, అన్ని సంచులూ తీసుకోలేదు. ఇంకా కొంతమంది అడుగుతున్నారట, ఆ గింజలేనా అని. వచ్చే ఏడు కూడా అడుగుతారేమో. శీతాకాలం గడుస్తుంది, ఆవుల్ని అమ్మనక్కర్లేదు.

ఎడ్లా ఉన్న రెండు రోజులూ నాతోపాటు పాలు పితికింది. ఆ వంటిల్లు మళ్ళీ తెరిపిస్తానంది. వారానికి మూడు రోజులు గింజలు, చేపతో, క్యాబేజీతో. "తోరాని పొయ్యి దగ్గరికి రానివ్వను. బుట్ట ఎక్కి జనాన్ని పిలవడానికి పనికొస్తుంది, దాని నోటికి నలుగురు వస్తారు" అంది. ఆవిడ చెప్పినట్టు విను. పుస్తకాలు చదవడం మానొద్దు. చదివినదాన్ని ఒక కుండలో పెట్టి ముందు నువ్వొక్కదానివే తిని చూడు.

నేను క్షమించానా అని పడవ దగ్గర అడిగావు, నేను మాట మార్చాను. అబద్ధం చెప్పడం ఇష్టంలేక మార్చాను. తప్పుగా వండావని కోపం లేదు. కూలివాళ్ళు ఏదైనా తింటారని అత్త అనుకుందేమోనని రాశావు చూడు, అది ఇంకా ఇక్కడే ఉంది. ఎన్నాళ్ళుంటుందో నాకూ తెలియదు. పోయిన రోజున రాస్తాను.

మీ వంటింటికి సెలాండర్ వదిలేసిన సంచుల్లో రెండు పొద్దునే పడవకి ఎక్కించాను.

అత్త
బోతిల్దా